గరిగెకు కుదువ

మొన్న మా కోడలు బిందెను బావిలో వేసింది. వేసింది అంటే ఒప్పుకోదు, అదే పడింది అంటుంది. చేంతాడు తెగి, బిందె రెండు గుటకలు వేసి మునిగిపోయింది. ఇంట్లో నాకు ఎవరూ ఏ పనీ చెప్పరు కనక, పాతాళగరిగె అడిగి తెచ్చే పని నాకు నేనే పెట్టుకుని కర్ర పుచ్చుకుని బయలుదేరాను. వంద ఇళ్లు అడిగాను. వంద అన్నది అబద్ధం. నా మోకాళ్లు ఒప్పుకున్నన్ని ఇళ్లు అడిగాను. ఒక ఇంట్లో, "గరిగె యాడుండాది తాతా ఈ కాలంలో? పోయిన బిందె పోయింది. బస్సెక్కి గుడియాత్తం పోతే కొత్తది దొరకదా?" అన్నారు. ఇంకో ఇంట్లో కొత్త కోడలు, నేను అడిగిందేమిటో తెలియక, లోపలికి పోయి గరిటె తెచ్చి చేతిలో పెట్టింది.

ఆ గరిటె పట్టుకుని వీధి నడుమ నిలబడ్డప్పుడు గరిగాయన గుర్తుకొచ్చాడు.

గరిగె ఎరగని వాళ్లకోసం చెబుతాను. ఒక ఇనుప కడియం, దాని చుట్టూ వేలాడే కొక్కేల గుత్తి. తాడు కట్టి బావిలోకి దించి అడుగున మెల్లగా తిప్పుతూ ఉంటే, మునిగిన బిందె అంచుకు ఏదో ఒక కొక్కెం తగులుకుంటుంది. మా కాలంలో, అంటే మోటారు బస్సు ఇంకా మా దారి పట్టని కాలంలో, మా ఊరికంతటికీ ఒకే గరిగె. దాని ఆసామిని గరిగాయన అనేవాళ్లం. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. అదేమిటని అడగాలని నాకు తోచనే లేదు. మా వీధిలో ఎవరికీ తోచలేదు.

మా ఊరు గుడియాత్తానికి పడమట, కౌండిన్య ఏటి ఒడ్డున. మగ్గాల ఊరు. ఇంటికో మగ్గం, పెరటికో బావి. తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, తెలుగు చదవగలిగిన ఇల్లు మాది తప్ప ఇంకోటి లేదు. ఇదంతా ధైర్యంగా రాస్తున్నది అందుకే.

గరిగాయన తాటిచెట్టంత మనిషి. కాదు లెండి, నాకంటే జానెడు పొడుగు, అంతే. నేను పొట్టి. ఎప్పుడూ మట్టిరంగు పంచె, భుజం మీద చుట్ట చుట్టిన తాడు. బావుల్లో పూడిక, ఆయన మాటలో తూరు, తీయడం, గోడల్లో మొలిచిన రావి మొక్కలు పీకడం, ఉప్పదేలిన నీళ్లలో ఉసిరికట్టె వేయడం, పడిపోయిన సామాను తీయడం, ఇవన్నీ ఆయన పనులు. బతుకులో సగం బావి అడుగు నుంచి పైనున్న వాళ్లతో మాట్లాడి మాట్లాడి, నేల మీద మనం ఎదురుగా నిలబడినా ముఖం పైకెత్తే మాట్లాడేవాడు. మనం ఆకాశంలో ఉన్నట్టు. ఒక మాట అని ఆగేవాడు. ఆ మాట గోడలకు తగిలి తిరిగి వచ్చేదాకా రెండో మాట అనేవాడు కాదు.

మనుషుల క్షేమం అడగడం ఆయనకు చేతకాదు. దారిలో ఎదురైతే, "మీ బావి ఎట్లుండాదప్పా?" అనేవాడు. "చేప బతికుండాదా?" అనేవాడు. పూడిక తీసిన ప్రతి బావిలోనూ, పురుగులు తినడానికని, ఏటి నుంచి తెచ్చిన చిన్న చేపను వదిలేవాడు. మా నాయన కాలం చేసిన ఏడాది కూడా నన్ను చూసి చేప సంగతే అడిగాడు. నాకు కోపం రాలేదు. వరసగా వచ్చి పరామర్శించిన వాళ్లందరికంటే ఆయనకు జవాబు చెప్పడం సుళువుగా ఉండింది. బతికే ఉంది అన్నాను.

ఆయన మా బావి నీళ్లు వాసన చూసి, మూడు రోజుల కిందట మా ఇంట్లో ఏ పులుసు కాచారో చెప్పేవాడని నేను చాలామందికి చెప్పాను. ఇందులో నిజం ఇంత: ఒకసారి నీళ్లు దోసిట్లో పట్టి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఉల్లిగడ్డ," అన్నాడు. ఉల్లిగడ్డ వేయని ఇల్లు ఏదీ? అంట్లు తోమిన నీళ్లు ఇంకే గుంత బావికి మరీ దగ్గరగా తవ్వామని చెప్పడం ఆయన ఉద్దేశం. మా అమ్మ ఒప్పుకోలేదు. "మా అత్త కాలం నుంచి గుంత ఆడనే ఉండాది. ఎవురికీ ఏమీ కాలేదు," అంది. "మీ అత్తకి ఏమైంది?" అన్నాడు ఆయన, ముఖం పైకెత్తి. మా నాయనమ్మ వాంతులూ భేదులూ పట్టుకునే పోయింది. అమ్మ ఆ మధ్యాహ్నమే గుంత పూడ్పించి, పెరటి ఆ మూలకు మార్పించింది. ఆయనకు మాత్రం నెల రోజులు ముఖం చూపలేదు.

ఏడాదికొకసారి, ఎండలు ముదిరి నీళ్లు అడుగంటినప్పుడు, మా బావి పూడిక తీసేవాడు. మా బావి పాతాళానికి ఒక్క మెట్టే తక్కువ అని నేను అంటుంటాను. నిజానికి కొబ్బరిచెట్టంత కూడా ఉండదు. అయినా ఆయన దిగేముందు గంపలో దీపం పెట్టి దించేవాడు. దీపం ఆరిపోతే పోయి వేపకొమ్మ విరుచుకొచ్చి, తాడు కట్టి, బావిలో పైకీ కిందికీ ఆడించేవాడు, లోపల గాలి కదిలేదాకా. మళ్లీ దీపం. అది నిలిచి వెలిగితే అప్పుడు దిగడం.

బావిలో దిగిన మనిషితో పైన ఒకరు మాట్లాడుతూనే ఉండాలి. ఇది మా వైపు కట్టుబాటు. పాత బావుల అడుగున చెడ్డగాలి ఉంటుంది. అది మనిషిని అరిపించదు, నొప్పి పెట్టదు, నిద్రపుచ్చి తీసుకుపోతుంది. అందుకని పైవాడు మాట్లాడుతూ ఉండాలి, కిందివాడు ఊ కొడుతూ ఉండాలి. ఊ ఆగిందంటే తాడు లాగాలి. నాకు కొత్తగా పెళ్లైన రోజులవి. "నీకు నోరు తప్ప ఏముండాది? పోయి గట్టు మీద కూచో," అని మా అమ్మ ఆ పని నాకు అప్పగించింది.

మొదటి ఏడాది, నా దగ్గరున్న నిజాలన్నీ అయిపోయేసరికి ఆయన ఇంకా నాలుగు గంపల మట్టి కూడా పైకి పంపలేదు. ఇంటి సంగతులు అయిపోయాయి, నూలు సంగతులు అయిపోయాయి. ఇంకేం చెప్పను? వేలూరు కోట కందకంలో నేను మొసలిని పట్టుకున్న సంగతి ఎత్తుకున్నాను.

"ఊ," అన్నాడు కింద నుంచి.

"నోరు తెరిచిందప్పా. రెండు చేతులా పట్టుకున్నాను."

"ఊ. ఎన్ని పండ్లుండాయి?"

"ముప్పై."

"లెక్క పెట్టినావా?"

"పెట్టినాను."

"నువ్వు లెక్క పెట్టేదాకా అది గమ్మునుండిందా?"

నాకు నవ్వొచ్చింది. "అబద్ధమప్పా," అన్నాను. "మొసలిని చూసింది నిజం. దూరంనుంచి. అది మొద్దేమో కూడా."

కింద నుంచి నవ్వు వచ్చింది. బావిలోంచి వచ్చే నవ్వు ఒకరిది కాదు, పదిమందిది లాగా ఉంటుంది. "తెలుసులే. నిలపొద్దు. ఇంకోటి చెప్పు," అన్నాడు.

పెంచి చెప్పడం, ఆ తర్వాత ఒప్పుకోవడం, రెండూ నేను ఆ గట్టు మీదే నేర్చాను. పెంచితే ఆయన ప్రశ్న అడిగేవాడు, ఒప్పుకుంటే నవ్వేవాడు. ఎట్లాగైనా గొంతు పైకి వచ్చేది. నాకు కావలసింది గొంతు.

సాయంకాలానికి పైకి వచ్చేవాడు, తల నుంచి కాలిదాకా నల్లటి బురద. బురదలో దొరికినవి బట్టలుతికే రాయి మీద వరసగా పెట్టేవాడు: గరిటెలు, గ్లాసు, మగ్గం మీద పోగు తిప్పే నాడె, ఎవరి కాలిదో తెలియని చిన్న మువ్వ. మా అమ్మ ఆకు వేసి, బావి గట్టు మీదే అన్నం పెట్టేది. కొత్తగా ఊరిన నీళ్లు మొదటి చెంబు ఆయనకే. తాగి, చెంబు కడిగి, బోర్లించి, ముఖం పైకెత్తి, "పోయొస్తా," అనేవాడు. ఆయన తింటున్నంతసేపు ఎవరి పని మీద వాళ్లు ఉండేవాళ్లం. నేనూ అంతే. పొద్దంతా ఆయనతో వాగినవాడిని, పైకి వచ్చాక పలకరించాలని కూడా అనిపించేది కాదు. ఇక ప్రాణభయం లేదు కదా.

ఆయన ఇల్లు ఊరి చివర, ఏటి వైపు. ఒకే గది, ముందు మట్టి తిన్నె. పెళ్లాం ఉండేదని, పొన్నై దగ్గర పుట్టింటికి పోయి తిరిగి రాలేదని కొందరు అనేవాళ్లు. అసలు పెళ్లే కాలేదని కొందరు. ముగ్గురు పెళ్లాలని చెప్పింది నేను. ఎవరూ నమ్మలేదు. ఆ ఇంటికి మనుషులు వచ్చేది గరిగె కోసమే. గరిగె కావాలంటే మన ఇంటి గిన్నె ఒకటి ఆయన దగ్గర కుదువ పెట్టాలి. గరిగె తిరిగి ఇచ్చి గిన్నె తీసుకుపోవాలి. కుదువ లేకుండా గడప దాటిన గరిగె బావిలోనే ఉండిపోతుందని ఆయన నమ్మకం. వాళ్లమ్మ పెట్టిన కట్టట. నవ్వినవాళ్లతో వాదించేవాడు కాదు, గరిగె ఇచ్చేవాడూ కాదు. గిన్నె చేతిలో తిప్పి చూసి, "ఇది ఆ వానల్లో పడిందే కదా? సొట్ట ఇంకా తీయించలేదా?" అనేవాడు. జవాబు వినాలని ఆగేవాడు. వచ్చినవాళ్లు అప్పటికే గరిగెతో సగం దారిలో ఉండేవాళ్లు. ఇంట్లో పొయ్యి మీద ఎసరు కాగుతూ ఉంటుంది, నీళ్లు కావాలి. ఎవరు నిలబడతారు?

మునెమ్మ మా పక్కింటి ఆమె. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. మా మగ్గాలకు కండెలు చుట్టేది. ఇంట్లో వంటకు మట్టికుండలు, నీళ్లకు ఒకే ఒక్క ఇత్తడి బిందె. ఒక పొద్దున ఆ బిందె బావిలో పడింది. మట్టికుండ కుదువకు చెల్లదు, పగిలితే ఎవరు జవాబుదారీ? మా అమ్మ తన చెంబు ఇచ్చి, "చెంబు తిరిగి తెచ్చేది నీ పూచీ," అని నన్ను ఆమె వెంట పంపింది.

గరిగాయన చెంబు అందుకుని తిప్పి చూశాడు. "ఇది మునెమ్మది కాదు. మీ అమ్మది. మెడ కింద సొట్ట ఉండాది చూడు," అన్నాడు నాతో.

"మా అమ్మే ఇచ్చింది కదప్పా," అన్నాను.

"అట్లయితే గరిగె మీ అమ్మకిస్తా. మీ బావిలో ఏమన్నా పడిందా?"

"లేదు."

"మరి?"

మునెమ్మకు ఒళ్లు మండింది. "బిందె పైకి రావాలంటే గరిగె కావల్ల. గరిగె కావాలంటే బిందె కావల్ల. ఇదేం కట్టయ్యా?"

"కట్టు అంతే," అన్నాడు.

"నా ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. నన్ను పెట్టుకో మరి కుదువ," అంది ఆమె, విసురుగా.

ఆయన ఆగాడు. ఆ మాట ఈసారి చాలా లోతుకు పోయినట్టుంది, తిరిగి రావడానికి అంతసేపు పట్టింది. "సరే. ఇట్ల కూచో," అన్నాడు చివరికి. "గరిగె తీసకపోయి నేనే తీసిస్తా."

ఆయనే గరిగె తీసుకుపోయేటట్టయితే ఇక కుదువ ఎందుకని మీరు అడగవచ్చు. నేను అక్కడే అడిగాను. "గమ్మునుండప్పా," అన్నాడు. నన్ను మాట్లాడవద్దని ఆయన అన్నది నా బతుకులో అదొక్కసారే.

మునెమ్మ తిన్నె మీద కూచుంది. ఆయన తాడు భుజాన వేసుకుని నాతో పాటు నడిచాడు. ఆమె ఇంటి పెరట్లోకి ఆయన పోయాడు, మా ఇంట్లో చెంబు ఇచ్చేసి నేను పిట్టగోడ దగ్గరికి పోయాను. మా పెరటికీ ఆమె పెరటికీ నడుమ ఉన్నది ఆ గోడే.

గరిగె దించాడు. ఒక్క తిప్పు తిప్పాడు. టంగుమని శబ్దం. లాగితే బిందె వచ్చింది. ఇందులో నేను పెంచింది ఏమీ లేదు, మొదటి పట్టుకే వచ్చింది. ఆయన బిందెను నేల మీద పెట్టి, పైపంచెతో తుడిచి, చుట్టూ తడిమి చూశాడు. ఇక పోతాడనుకున్నాను. గట్టు మీద కూచున్నాడు. కాసేపటికి లేచి బిందె లేని బావిలోకి మళ్లీ గరిగె దించాడు. తిప్పాడు, లాగాడు. బురద. మళ్లీ దించాడు.

"ఏమప్పా, ఇంకేమన్నా పడిందా?" అన్నాను గోడ మీదుగా.

ముఖం పైకెత్తాడు. "చూస్తా ఉండా," అన్నాడు. "ఉండొచ్చు."

నేను మగ్గంలో కూచుని ఒక జానెడు గుడ్డ నేసి వచ్చాను. ఆయన బావి గోడలో మొలిచిన మొక్కలు పీకుతున్నాడు. ఇంకాసేపటికి వచ్చి చూస్తే గట్టు మీద పాచి గీకుతున్నాడు. మధ్యాహ్నం మా అమ్మ, "ఇంకా పోలేదా ఆయన? బిందె పైకొచ్చి ఎంతసేపాయె?" అంది. "పోలేదు," అన్నాను. అమ్మ వచ్చి గోడ మీదుగా చూసింది. లోపలికి పోయింది. కొంచెం సేపటికి మజ్జిగ చెంబు నా చేతికిచ్చి, ఆయనకు ఇమ్మంది.

మజ్జిగ అందించి అడిగాను. "ఆమె ఆడ కాచుకోనుంటుంది కదప్పా. పోలేదా?"

ఆయన మజ్జిగ తాగి చెంబు గోడ మీద పెట్టాడు. "ఇంట్లో మనిషుండాది కదప్పా," అన్నాడు. "తొందరేముండాది?"

పొద్దు గూకుతుంటే బిందె భుజానికెత్తుకుని బయలుదేరాడు. నేను వెనకాలే పోయాను. తెగిన చెప్పులు కుట్టించుకోవడానికని ఒక సాకు అనుకున్నాను. నాకు చెప్పులే లేవు. ఆయన ఇంటి పైకప్పు నుంచి పొగ లేస్తోంది. గదిలో దీపం. ఆయన తన వాకిట్లో తానే, పరాయి ఇంటికి వచ్చినవాడిలాగా, నిలబడి దగ్గాడు.

మునెమ్మ బయటికి వచ్చింది. "దొరికిందా?"

"దొరికింది."

"శానా లోతుకి పోయిందా?"

"ఆ. శానా," అన్నాడు.

ఆ బావిలో ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచి నీళ్లు తోడుతోంది. దాని లోతు ఆమెకు ఎవరో చెప్పాలా? ఇది నాకు అప్పుడు తట్టలేదు. ఇప్పుడు రాస్తుంటే తడుతోంది.

"నీ ఇంట్లో బియ్యం యాడ పెట్టినావో వెతికేదానికే సగం పొద్దాయె," అంది. "గంజి కాచినాను. చల్లారకముందే తాగు." బిందె అందుకుని చంకన పెట్టుకుంది. దారిలో నన్ను చూసింది, చూడనట్టు పోయింది. ఆయన గడప బయటే నిలబడి ఉన్నాడు. దీపం ఉన్న తన గదిలోకి చూస్తున్నాడు. లోపలికి ఎప్పుడు పోయాడో నేను చూడలేదు. అంతసేపు నిలబడడానికి నాకు సిగ్గేసింది.

వీధికి తెలియకుండా ఉంటుందా? పగలంతా ఆమె తిన్నె మీద కూచుని ఉంటే ఏటికి పోయేవాళ్లు చూడలేదా, పొయ్యి వెలిగితే చూడలేదా? మర్నాడు కండెలు చుట్టే చోట ఒకామె, "ఏమే మునెమ్మా, నిన్న కుదువలో ఉండావంట. వడ్డీ ఎంతాయె?" అంది. అందరూ నవ్వారు. మునెమ్మ రాట్నం ఆపలేదు. ఆ మాట చాలా రోజులు నడిచింది. ఏటికి పోతే వడ్డీ, సంతకు పోతే వడ్డీ. మా అమ్మ ఒకసారి అడ్డుపడి, "నోరు మూసుకోండే. మీ బిందెలు పడకుండా పోతాయా?" అంది. అప్పుడు కొంచెం తగ్గింది.

ఇక దీని చివర నేను ఇన్నేళ్లుగా చెబుతూ వచ్చిన తీరు ఇది: ఆరు నెలలకు మునెమ్మ బిందెను తానే బావిలోకి తోసి, వట్టి చేతులతో ఆయన తిన్నె మీదికి పోయి కూచుంది, ఆయన మళ్లీ పొద్దు గూకేదాకా వెతికాడు, ఆ రాత్రి ఇద్దరూ ఒకే కుండ గంజి తాగారు. గుడియాత్తం నూలు అంగట్లో చెప్పాను, మా వియ్యంకుడికి చెప్పాను, ఒకసారి వేలూరు ఆసుపత్రిలో జ్వరంతో పడుకుని పక్క మంచం ఆయనకు చెప్పాను. విన్నవాళ్లు సంతోషపడ్డారు. ఆ పక్క మంచం ఆయన కళ్లు తుడుచుకున్నాడు కూడా. గరిగాయన పోయినప్పుడు నేను ఊళ్లో లేను. ఊళ్లో ఉన్నవాళ్లు కూడా రెండు రోజులదాకా చూసుకోలేదట. ఎవరిదో బిందె పడి, గరిగె కోసం పోయి చూశారట. ఆ మాట విన్నాక నేను ఆ కథను ఇంకా గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను.

జరిగింది చెబుతాను.

మరుసటి ఏడాది ఎండల్లో మా బావి పూడిక ఎప్పుడు తీస్తావని అడగడానికి ఆయన ఇంటికి పోయాను. తిన్నె కొత్తగా అలికి ఉంది, దాని మీద ఈతచాప. అవి రెండూ అంతకు ముందు లేవు. ఇద్దరం మాట్లాడుకుంటుంటే మునెమ్మ వస్తూ కనబడింది. చేతులు కొంగు కింద ఉన్నాయి. ఆయన లేచి నిలబడ్డాడు. చాప దులిపాడు.

"నువ్వు మళ్లీ రాప్పా," అన్నాడు నాతో.

నేను పోలేదు. నా సంగతి మీకు తెలుసు.

"బిందె పడింది," అంది మునెమ్మ.

"పోయి తీసుకొస్తా. కూచో," అన్నాడు, అప్పటికే తాడు అందుకుంటూ.

ఆమె కొంగు కింద నుంచి చెయ్యి బయటికి తీసింది. చిన్న ఇత్తడి చెంబు, ఇంకా చింతపండు తగలని కొత్త మెరుపు. చాప మీద పెట్టింది. "నా ఇంటిదే. సంతలో కొన్నాను," అంది.

ఆయన చెంబు తీసుకుని చుట్టూ తిప్పి చూశాడు. సొట్ట ఏదీ లేదు.

"నేనే పోయి తీసిస్తానే," అన్నాడు.

"వద్దు. నాకు చాతనవుతాది."

గరిగె తీసుకుని పోయింది. మేమిద్దరం కూచున్నాం. నేను మా బావి సంగతి ఎత్తాను, ఆయన ఊ కొట్టలేదు. నేను పెంచి చెప్పడానికి కూడా చూశాను, నోరు రాలేదు. ఎక్కువసేపు పట్టలేదు. ఆమె వచ్చేసింది.

"అప్పుడే దొరికిందా?" అన్నాడు.

"ఒక్క పట్టుకే. మా బావి అంత లోతేముండాది?" అంది. చెంబు తీసుకుంది. ఒక అడుగు వేసి ఆగి, నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "ఇదో నీ గరిగె, అన్నా," అని ఆయన చేతికిచ్చింది.

అంతకు ముందు ఆమె ఆయనను ఏ వరసా పెట్టి పిలిచినట్టు నాకు గుర్తు లేదు. నేను అక్కడ లేకపోతే ఆ రోజు కూడా పిలిచేది కాదేమో. అది ఆమెకే తెలియాలి.

"బిందెకు సొట్ట పడలేదు కదా?" అన్నాడు ఆయన.

"పడలేదు," అంది. పోయింది.

ఆమె మలుపు తిరిగేదాకా చూసి, ఆయన నా వైపు తిరిగాడు. ఈసారి ముఖం పైకెత్తలేదు. సూటిగా నా కళ్లలోకే చూశాడు.

"ఏదో అడుగుతా ఉంటివే నాయనా," అన్నాడు. "బావి తూరు ఎప్పుడు తీసేదనా?"

"అవునప్పా."

"అమావాస్య పోనీ. వస్తా," అన్నాడు. గరిగెను మేకుకు తగిలించకుండా ఒళ్లో పెట్టుకునే కూచున్నాడు. కొక్కేల నుంచి నీళ్లు కారి పంచె తడుస్తోంది. నేను లేచి వచ్చేశాను.